ముందు ఎర్త్ చూపించు, తర్వాత కారు

ఓస్లో

తమ్ముడికి అప్ప ఆశీస్సులు.

వచ్చే ఏడాది పెద్ద బ్యాటరీతో కరెంటు కారు కొత్త మోడల్ వస్తుందట, ఆగమంటావా అని అడిగావు. కారు కోసమైతే ఆగక్కర్లేదు. మీ ఇంటి వైరింగు బాగయ్యేదాకా మాత్రం ఆగు.

కొత్తది ఎప్పుడూ వస్తూనే ఉంటుందిరా. టాటా వాళ్ల కరెంటు కారు నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో 30.2 యూనిట్ల బ్యాటరీతో వచ్చింది. 2022లో 40.5 అయింది, 2024లో 45 అయింది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, వేరే లెక్క కాదు. ఆ 45 బండికి కంపెనీ కాగితం మీద 489 కిలోమీటర్లు. అది టెస్టులో నెమ్మది వేగాల మీద తీసిన లెక్క. హైవే మీద ఏసీ వేసుకుని 90, 100లో పోతే వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు వేసుకో. నిండా ఉంటే 300 కిలోమీటర్లు, అడుగున పది శాతం వదిలేస్తే 270. శ్రీకాకుళం నుంచి విశాఖ రానూపోనూ 230 అనుకుందాం. సరిపోతుంది, చేతిలో నలభై మిగులుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కంగారు పడకు, ఈ బండిని తినేది ట్రాఫిక్ కాదు, వేగం. 120కి తొక్కావంటే ఆ 15 కాస్తా 19, 20 అవుతుంది, నీ నలభై ఆవిరి.

కొత్త మోడల్ చార్జింగులో 150 కిలోవాట్ల దాకా తీసుకుంటుందని మురిసిపోతున్నావు. రోడ్డు మీద చార్జరు 30దే అయితే ఏ బండికైనా వచ్చేది 30. అలాంటి చోట 45 బ్యాటరీ పది నుంచి ఎనభై శాతానికి గంట దాటుతుంది. 60ది దొరికితే సుమారు నలభై నిమిషాలు. అదీ రెండు గన్‌లు, అంటే బండికి తగిలించే ప్లగ్గులు, ఉన్న చార్జరైతే, పక్కన ఇంకొకడు తగిలించగానే చాలాచోట్ల సగానికి పడిపోతుంది. ఎనభై దాటాక ఎలాగూ నెమ్మదే, అక్కడ కూర్చోకు, గన్ తీసేసి బయల్దేరు.

ఇక ఇల్లు. బండితో వచ్చే కేబుల్ 15 ఆంపియర్ల సాకెట్లో పెడితే 3.3 కిలోవాట్లు లాగుతుంది. చార్జింగులో వృథాగా పోయేదీ కలుపుకుంటే 45 నింపడానికి 50 యూనిట్ల దాకా, అంటే పదిహేను గంటలు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది కాబట్టి పాత సాకెట్ బతికిపోతోంది. పదిహేను గంటలు ఏకధాటిగా లాగితే లోపల స్క్రూ కాస్త వదులున్నా చాలు, ముందు గోధుమరంగు మచ్చ, తర్వాత కాలిన వాసన. మీది సముద్రపు గాలి, సాకెట్ రేకుల మీద పచ్చ చిలుము పట్టేసి ఉంటుంది, విప్పి చూడు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించు. లోడు ఎక్కువైతే కరెంటు ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ, షాక్ తగిలితే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి పోవద్దు. మొదటి రోజు అరగంటయ్యాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి లాగేసుకునేంత వేడైతే ఆపెయ్.

ఎర్త్ సంగతి మరీ ముఖ్యం. మన వైపు పాత ఇళ్లలో మూడో కన్ను ఉత్తుత్తిదే, కొందరు న్యూట్రల్‌నే తెచ్చి దానికి కలిపేస్తారు. అది ప్రాణాంతకం. అసలు ఎర్తే లేకపోతే కేబుల్ మీద ఎర్రలైటు వెలిగి చార్జింగే ఎక్కదు, బండి పాడైందని షోరూంకి పరుగెత్తుతారు. ఎర్త్ గుంత కొత్తగా తీయించి, ఎర్త్ టెస్టరుతో కొలిపించు, 5 ఓమ్‌ల లోపు రావాలి. ఎండాకాలం గుంతలో నీళ్లు పోస్తుండు. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జరు, అదే వాల్‌బాక్సు, కావాలంటే ముందు కరెంటోళ్ల ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టు, ఆ పని అయ్యాకే బండి బుక్ చెయ్యి.

ఒక్క విషయానికి మాత్రం ఆగమంటాను. నువ్వు చూసిన బండిలో బయటికి కరెంటిచ్చే సౌకర్యం, అదే వీటూఎల్, లేకపోతే అది ఉన్నదాని కోసం చూడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో నీకు చెప్పాలా. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు కలిపి 300 వాట్లు అనుకుంటే రోజుకు ఏడు యూనిట్లు. నిండా ఉన్న బండి ముప్ఫై యూనిట్లిచ్చినా నాలుగు రోజులు గడుస్తాయి. తుపాను కబురు వినగానే నింపి, బండిని మెట్ట మీద పెట్టు. ఉప్పునీళ్లలో మునిగిన బండిని మాత్రం ఆరింది కదా అని చార్జింగులో పెట్టకు, స్టార్ట్ చెయ్యకు. ఇంటికి దూరంగా ఉంచి సర్వీసు వాళ్లను పిలువు. లోపల షార్టయి కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోగలదు.

ఇక్కడ నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 దాకా కరెంటువే. వీళ్ల బెంగ చలి. చలికి తగ్గిన రేంజి ఎండ రాగానే తిరిగొస్తుంది, వేడికి పోయిన బ్యాటరీ ఆయుష్షు తిరిగిరాదు. అందుకని నీళ్లతో చల్లబరిచే బ్యాటరీయే తీసుకో. నూరు శాతం నింపి మే నెల ఎండలో రోజుల తరబడి వదిలెయ్యకు. ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ రకమైతే అప్పుడప్పుడు నూరుకి నింపమంటారు, మిగతా రకాలకు రోజువారీకి ఎనభై చాలు. ఏ రకమో బండి పుస్తకంలో ఉంటుంది.

డిసెంబరులో తగ్గింపు ఇస్తారు, తీసుకో తప్పులేదు. కాని తయారైన నెల చూడందే డబ్బు కట్టకు. యార్డులో ఎనిమిది నెలలు పడున్న బండికి పెద్ద బ్యాటరీ బాగానే ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చి ఉండొచ్చు, అది చస్తే రిమోట్‌తో తలుపు కూడా తెరుచుకోదు. డెలివరీకి ముందే కొత్తది వేయించమను.

మీటరు బోర్డుకి, ఎర్త్ గుంతకి ఫొటోలు తీసి ఆదివారంలోగా పంపు. అమ్మని మోకాళ్లకు నూనె రాసుకోవడం మానొద్దని చెప్పు.

మీ అప్ప