వాసన పోయినవారికి సాధన ఉందని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. లేబుల్ ఊడిపోయిన సీసా కనిపిస్తే కాస్త దూరంగా పట్టుకుని, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని అందులో ఏముందో చెప్పేసేదాన్ని. రెండేళ్ల కిందట వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోయిన వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద గిన్నె మాడుతున్నా, పొగకు కళ్లు మండేదాకా నాకు తెలియలేదు.

నేను వెళ్లిన డాక్టరుగారు ముక్కులోకి లైటు వేసి చూసి, "వస్తే వస్తుంది, లేకపోతే అలవాటు పడాలమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట నమ్మి ఏడు నెలలు ఊరికే కూర్చున్నాను. ఆ ఏడు నెలల బాధే ఈ ఉత్తరం రాయిస్తోంది.

వాసన సాధన అనేది ఒకటి ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పరిశోధకుడు థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలు నాలుగు సీసాల్లో పెట్టుకోవాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఒక్కొక్కటీ పది సెకన్లు పీల్చాలి. అలా 12 వారాలు. తైలాన్ని దూదిమీద వేసి మూతపెట్టి ఉంచుకోవాలి, ముక్కులో మాత్రం వేసుకోకూడదు. ముక్కు పైభాగంలో వాసన పట్టే నాడీకణాలకు మళ్లీ పుట్టే గుణం ఉంది. వాటికీ మెదడుకీ రోజూ పని చెప్పడమే ఈ సాధన.

మొదటిరోజే యూకలిప్టస్ సీసా దగ్గర ఏదో తెలిసి ఎంత సంబరపడ్డానో! అది వాసన కాదు, చల్లదనం. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి పని అది. అమ్మోనియా ఘాటు కూడా అంతే, వాసన పూర్తిగా పోయినవారికీ తగులుతుంది. కాబట్టి "ఘాటు తెలుస్తోందిగా, ఇంకేం?" అని ఇంట్లోవాళ్లు దయచేసి అనకండి. నేను నమ్మింది గులాబీనే. దాని వాసనలోని ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ ఆ నాడిని దాదాపుగా కదిలించదు, కాబట్టి గులాబీ తెలిస్తే అది వాసనే.

తొమ్మిదో వారంలో కాఫీ, టూత్‌పేస్టు రెండూ కాలిన రబ్బరులా కొట్టాయి. రోగం ముదిరిందనుకుని మానేయబోయాను. వాసనలు ఇలా వికటించడం వైరస్ తర్వాత కోలుకునేవారిలో చాలామందికి ఎదురవుతుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అందరికీ ఫలిస్తుందని అనను. తలకు దెబ్బ తగిలి వాసన పోయినవారికి ఫలితం తక్కువ. ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తని కండ) ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. నాకు సాధన మొదలుపెట్టిన అయిదో నెలలో గులాబీ సన్నగా తెలిసింది, సీసా పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. నిమ్మ, లవంగం ఇంకా తికమకపెడుతున్నాయి. వంటగ్యాస్ లీకైతే తెలియాలని కలిపే మెర్కాప్టాన్ వాసన ఇప్పటికీ నాకు అందదు, అందుకే డిటెక్టర్ పెట్టించుకున్నాను.

ఈఎన్‌టీ డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. వాసన పోయిందని వచ్చినవారికి చీటీ మీద మందులతోపాటు ఈ నాలుగు పేర్లు, "రోజుకు రెండుసార్లు" అన్న మాట కూడా రాయండి. మీ ఆరోగ్యం పేజీలోనూ దీని గురించి వివరంగా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంటు