సెల్ఫ్ కేబుల్ సరిచేయందే బండి బయటికి పంపం

డాలస్‌లోని మా గ్యారేజీలో బండ్లు పెట్టిన అందరికీ నమస్కారం. డెలివరీలు కొంచెం వెనక్కి జరుగుతున్నాయి, బిల్లులో ఒక కొత్త లైను కూడా చేరుతోంది. ఇకమీదట ప్రతి పాత కారుకీ బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకి వెళ్ళే కేబుల్‌ని విప్పి, ఫ్యాక్టరీలో ఏ దారిన వేశారో ఆ దారినే వేసి ఇస్తాం. అది వద్దంటే మిగతా పని కూడా ఒప్పుకోం.

"అన్నా, స్టార్ట్ అవుతోంది కదా, మళ్ళీ అదెందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. పెయింటుకి వేలకి వేలు పోసి కేబుల్ దగ్గర బేరమాడితే నాకు నవ్వొస్తుంది గానీ, అడగడంలో తప్పులేదు. ఆ కేబుల్‌కి ఫ్యూజు ఉండదు. 350 ఇంజిన్ ఉన్న 1969 షెవర్లే కమారో సంగతే చూడండి. బ్యాటరీ ముందు కుడివైపు, సెల్ఫ్ ఇంజిన్‌కి కుడిపక్కన కింద, దానికి పైన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగ బయటికి పోయే వేడి గొట్టం. సాలినాయిడ్, అంటే తాళం తిప్పితే సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్, సెల్ఫ్ మీదే ఉంటుంది కాబట్టి తాళం తీసి జేబులో వేసుకున్నా ఆ కేబుల్‌లో కరెంటు ఉన్నట్టే. వేడికి తొడుగు కరిగి రాగి ఇనుముకి తగిలిందంటే ఆపడానికి మధ్యలో ఏమీ లేదు, మంటలే. 289 ఇంజిన్ ఉన్న 1967 ఫోర్డ్ మస్టాంగ్‌లో అలా కాదు. కరెంటు వదిలే స్విచ్, అదే రిలే, బ్యాటరీ పక్కనే ఉంటుంది, కిందికెళ్ళే కేబుల్‌కి సెల్ఫ్ కొట్టినప్పుడే కరెంటు. అందుకే మస్టాంగ్‌లకి బిల్లు కాస్త తక్కువ. కమారో ఓనర్లు అలగొద్దు.

ఇప్పుడు లిఫ్ట్ మీదున్న షెవర్లే షెవెల్ కారు చూస్తే మీకే అర్థమవుతుంది. ఇంతకుముందు ఎవరో మానిఫోల్డ్ తీసేసి హెడర్లు (విడివిడి ఎగ్జాస్ట్ పైపులు) వేస్తూ ఫ్యాక్టరీ క్లిప్పులు పీకేసి, కేబుల్‌ని ప్లాస్టిక్ టైతో హెడర్ పైపు పక్కనే కట్టారు. టై కరిగి పైపు మీద నల్లటి మచ్చయింది. తొడుగు వంచితే అప్పడంలా విరిగింది. ఓనరేమో వేడి మీద సెల్ఫ్ అందుకోవట్లేదని ఇప్పటికే కొత్త సెల్ఫ్ మోటారు కొనేశారు.

క్లిప్పులు దొరికితే అవే వేస్తాం. హెడర్లుంటే కేబుల్‌ని దూరంగా తిప్పి, వేడికి ఆగే తొడుగు ఎక్కిస్తాం. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్‌ని కొంచెం వదులుగా ఉంచాలి, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ పక్కకి ఊగుతుంది మరి. సాలినాయిడ్ దగ్గర ఊదారంగు వైరు ఎస్ అనే బోల్టుకి, పసుపుది ఆర్ అనే బోల్టుకి. ఎర్త్ బిగించే చోట కొత్త పెయింటు గీకి ఇనుము కనిపించేలా చేస్తాం. అందంగా పెయింటు వేసిన ఇంజిన్ బ్లాకు మీద ఎర్త్ సరిగ్గా పట్టదు. చివర్లో సెల్ఫ్ కొడుతూ, కేబుల్‌లో ఎంత వోల్టేజీ పోతోందో చూడటానికి బ్యాటరీ ప్లస్‌కీ, సెల్ఫ్ మీద కేబుల్ బిగించే బోల్టుకీ మధ్య మీటరు పెడతాం. అర వోల్టు దాటితే మళ్ళీ విప్పుతాం. మీటరు ఫొటో మీకు వాట్సాప్‌లో వస్తుంది.

బ్యాటరీని డిక్కీలోకి మార్చమనే వాళ్ళకి ఒక మాట. కేబుల్ పొడవు పెరుగుతుంది కాబట్టి 1/0 గేజ్ (కేబుల్ మందం కొలత) కంటే సన్నది వేయను, కరెంటు మితిమీరితే ఆపేసే బ్రేకర్ బ్యాటరీ దగ్గరే పెడతాను. డ్రాగ్ రేసులు జరిగే డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్ళేటట్టయితే, ఆ రేసులు నడిపే అమెరికా సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ప్రకారం బండి వెనక బయటికి, కరెంటు మొత్తం ఆపేసే కటాఫ్ స్విచ్ కూడా ఉండాలి. బంపర్ పక్కన కన్నం పడుతుంది, ముందే ఆలోచించుకుని చెప్పండి.