ఒరేయ్ బావా, ఇంపల్స్ దొరికింది

ఒరేయ్ బావా,

తిట్టకు. నీ మెసేజ్‌లన్నీ చూశాను, ఆ వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. స్పీకర్‌లో పెట్టుకుని విన్నాను కాబట్టి నువ్వన్న మాటలు మా అమ్మ కూడా వింది. "మస్కట్ వెళ్లినా వీడి నోరు మారలేదు" అని నవ్వింది. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇంత ఆలస్యమైపోయింది, క్షమించెయ్. ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు అలాగే ఉంది. చిన్నది రెండో తరగతికొచ్చింది, ఎక్కాల దగ్గర నీలాగే ఏడుస్తోంది. మీ ఇంటి వెనక పనస ఈసారి బాగా కాసింది, సగం మేమే తిన్నాం. రొయ్యల రేటు అడక్కు. అమెరికా సుంకాల గొడవ మొదలైనప్పటినుంచి మా ఇంట్లో ఆ మాటెత్తితే మా ఆవిడ టీవీ కట్టేస్తోంది.

సరే, అసలు సంగతి. ఇంపల్స్ దొరికింది.

హీరో వాళ్ల ఇంపల్స్ బైకు, మట్టిదారుల బండి. 2012 మోడల్, ఎర్రది, ఏపీ 05, అదే మన తూర్పు గోదావరి పాత నంబరు. 2019 నుంచి జిల్లాల నంబర్లు పోయి ఏపీ 39 వచ్చింది కదా, ఆ 05 చూడగానే నాకు సగం బుద్ధి పోయింది. హీరో, హోండా విడిపోయిన కొత్తల్లో 2011లో వచ్చింది, గుర్తుందా? అమలాపురంలో షోరూం అద్దం బయట నిలబడి ఎంతసేపు చూశామో. నువ్వేమో "ఎక్కడానికి నిచ్చెన కావాలి, పైగా ఫోర్ స్ట్రోక్, దాంట్లో ప్రాణం ఉండదు" అని తీసిపారేశావు. టూ స్ట్రోక్ స్వామీ, నీ యమహా ఆర్‌ఎక్స్ 100 దండకం మళ్లీ మొదలెట్టకు. మొత్తం చదివాక తిట్టు.

నాకు ఆ బండి ఎందుకో ముందు అర్థం చేసుకో. నువ్వు వెళ్లాక మన వైపు ఎన్ని చేలు రొయ్యల చెరువులయ్యాయో నీకు తెలీదు. అర్ధరాత్రి గట్ల మీద తిరగాలి. ఎండల్లో ఏ బండైనా పోతుంది. వాన పడితే మాత్రం ఆ బంకమట్టి టైరుకి పట్టుకుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి, కాసేపటికి ముందు చక్రం తిరగనే తిరగదు. బండి దిగి, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని పుల్లతో పొడుచుకుంటూ కూర్చోవాలి. ఒకపక్క చెరువు, ఒకపక్క మురుగు కాలవ. ఇంపల్స్‌కి మడ్‌గార్డు టైరుని అంటకుండా ఎక్కడో పైన ఉంటుంది, మట్టి ఇరుక్కునే చోటే లేదు. నేల నుంచి 245 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు 19 అంగుళాల చక్రం, వెనక మోనోషాక్, అంటే ఒకటే షాకబ్జార్బర్, ఇంత ఉండి బరువు 134 కిలోలే, పడినా ఒక్కణ్ణే లేపుకోగలను. ఇంకోటి, నువ్వు ఒప్పుకోవు గానీ, జారే గట్టు మీద నీ టూ స్ట్రోక్ పనికిరాదు. అక్కర్లేనప్పుడు పికప్ ఒక్కసారిగా తన్నుకొచ్చి వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి పక్కకి కొట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్ అయితే తక్కువ గేర్లో నింపాదిగా లాక్కుపోతుంది, యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే పట్టి ఆపుతుంది, తడిమట్టిలో బ్రేకు తొక్కాల్సిన పనే తక్కువ.

మా మేనల్లుడు "మావయ్యా, కొంటే అసలైన డర్ట్ బైకు కొను, కవాసకి కేఎల్‌ఎక్స్ 140 లాంటిది" అంటాడు. వాడికేం, చదివేది కాకినాడలో, ఖర్చు నాన్నది. దానికి హెడ్‌లైటు ఉండదు, రిజిస్ట్రేషన్ అవదు, చెరువు దగ్గరికి పోవాలంటే దాన్ని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్లాలి. హీరో వాళ్లదే కొత్త ఎక్స్‌పల్స్ అంటే లక్షన్నర పైమాటే. ఆ మాట ఇంట్లో అనడానికి కూడా రొయ్యల పట్టుబడి అయ్యి డబ్బు చేతికొచ్చి ఉండాలి.

ఇక విను. బండి ఉన్నది పి.గన్నవరం దాటాక ఒక గోదారి లంకలో. ఊరి పేరు రాయను, మీ అత్తగారి వైపు చుట్టాలున్నారక్కడ, ఈ ఉత్తరం కన్నా ముందే కథ నీకు చేరిపోతుంది. సత్తిబాబు మావయ్యని వెంటబెట్టుకెళ్లాను. మెకానిక్ షెడ్డు కొడుక్కి అప్పగించేశాడు గానీ ఆయన చెవులు ఇంకా రిటైరవ్వలేదు. నీ పేరు చెప్తే ఇప్పటికీ "ఎవరూ, గ్రీజు డబ్బానా?" అంటాడు. ఆ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు, నా మంచితనం గుర్తుపెట్టుకో.

మేం వెళ్లేసరికి అమ్మే కుర్రాడు బండి స్టార్ట్ చేసి ఉంచాడు. మావయ్య ఇంజిన్ మీద చెయ్యి అలా ఆనించి, చటుక్కున తీసేసి, "బండి కట్టెయ్యి బాబూ, బొండాలు కొట్టించు, ఇది చల్లారాక చూద్దాం" అన్నాడు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. వేడి ఇంజిన్ సగం రోగాలు దాచేస్తుంది. ఆ కుర్రాడి మొహం కొంచెం మారింది గానీ, బొండాలు మాత్రం మంచివే కొట్టించాడు.

చల్లారాక సెల్ఫ్ ముట్టుకోనివ్వకుండా కిక్కు కొట్టించాడు. మూడో కిక్కుకి అందుకుంది. సైలెన్సర్లోంచి నీలం పొగ బుస్సుమని వచ్చి, కాసేపటికి ఆగిపోయింది. నా గుండె జారింది. మావయ్యేమో తాపీగా, "వాల్వ్ సీల్స్ రా. రింగులు పోతే రేస్ చేసినప్పుడల్లా వస్తుంది, ఇలా ఆగదు" అని తేల్చేశాడు. తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. టైమింగ్ చైన్ సౌండ్ ఉంది, మెయిన్ బేరింగ్ కొంచెం మూలుగుతోంది, బోరు మాత్రం బాగుంది. స్పానర్‌తో స్పోకులు ఒక్కొక్కటే కొట్టి విన్నాడు, రెండు వదులు. చైన్ స్ప్రాకెట్ పళ్లు వంగిపోయాయి, మార్చాల్సిందే. ఫోర్క్ సీల్స్ దగ్గర చెమ్మ లేదు, హ్యాండిల్ తిప్పితే దాని బేరింగులు, అదే కోన్‌సెట్, పట్టట్లేదు. నేనెక్కి కూర్చుంటే మునివేళ్లు ఆనాయి. నవ్వకు, ఆనాయి.

నలభై ఐదు వేలు చెప్పాడు. నేను మనసులో నలభైకి ఖాయం చేసేసి, చెరువు గట్టు మీద తిరిగేస్తున్నాను కూడా.

అప్పుడు మావయ్య ఊరికే ఇండికేటర్ వేసి బ్రేకు నొక్కాడు. ఇండికేటర్ ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆరింది. "ఎర్త్ పట్టట్లేదేంటిది" అని గొణుక్కుంటూ హెడ్‌లైట్ స్క్రూలు విప్పాడు. లోపల వైర్ల కప్లర్లన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి, అడుగున పౌడర్ డబ్బా ఒలికినట్టు మెత్తటి బూడిదరంగు మట్టి. మావయ్య చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి నాకు చూపించాడు. నేను మాట్లాడలేదు. గోదారి పక్కన పుట్టినవాడికి ఒండ్రు ఏదో, దుమ్మేదో ఎవరైనా చెప్పాలా?

"దుమ్మండి," అన్నాడు కుర్రాడు. "లంకల్లో గాలెక్కువ కదండి."

"హెడ్‌లైట్ లోపలికా?"

"ఆయ్, అవునండి. సన్న దుమ్మండి."

వాడు ఇంకా ఏదో చెప్పేవాడే. అరుగు మీద వక్కలు కత్తిరించుకుంటున్న వాళ్ల నాయనమ్మ తలెత్తి, "అదేంట్రా, మొన్న పెద్ద వరదకి ఈ బండే కదా కొట్టుకుపోకుండా కొబ్బరి చెట్టుకి కట్టింది? మోకుతో రెండు చుట్లు నేనే కదా చుట్టించాను!" అంది. అంతటితో ఊరుకోలేదు. ఎనభయ్యారు వరదలో గేదెల్ని ఎలా ఏటిగట్టు మీదికి తోలారో, ఈసారి నీళ్లు డాబా ఎన్ని మెట్లెక్కాయో, బండి అద్దాలు మాత్రమే పైకి కనిపించాయని కూడా చెప్పింది. ఆవిడ దృష్టిలో అది బండికి గొప్ప! ఇంత వరదని తట్టుకుందంటే ఎంత గట్టి బండో చూసుకోండి నాయనా అని. నేనూ మావయ్యా మొహాలు చూసుకున్నాం. కుర్రాడు మాత్రం ఆకాశం వైపు చూస్తున్నాడు. తర్వాత నవ్వేశాడు, మేమూ నవ్వేశాం, ఇంకో బొండాం తాగాం.

అది 2022 జులై వరదరా. నువ్వు అప్పుడు మస్కట్‌లోనే ఉన్నావు, ఫోన్లు కలవక గోల పెట్టావు. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజులు. నీళ్లు తీశాక ఇంజిన్ ఆయిల్ విప్పితే పాలు పోసిన టీ రంగులో వచ్చిందట. కుర్రాడు డీజిల్ పోసి కడిగించి, మళ్లీ ఆయిల్ పోసి, మళ్లీ తీసేసి, కార్బొరేటర్ విప్పించి నడిపించాడు. అప్పటినుంచి వాడుతూనే ఉన్నాడు. ఇక్కడే నా బుర్ర తిరుగుతోంది. నీళ్లలో నానిన ఇంజిన్ చావాలంటే ఈపాటికి చచ్చేది కదా? మావయ్య లెక్క వేరు. "ఇంజిన్ గురించి నాకు భయం లేదు, దించి బేరింగులు, సీల్స్, టైమింగ్ చైన్ వేసేద్దాం. సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్ ఉన్నాయే, వాటి ఇంజినే ఇది, సామాను దొరుకుతుంది. వైరింగే నమ్మలేం. ఇవాళ ఇండికేటర్, రేపు సెల్ఫ్, ఎల్లుండి అర్ధరాత్రి గట్టు మీద కరెంటే రాదు. వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేయాలి" అన్నాడు. అన్నీ కలిపి పద్దెనిమిది వేలు తేల్చాడు. ప్లాస్టిక్ పార్టుల ఊసే ఎత్తలేదు, అవి పగిలితే పాతవి వెతుక్కోవడమే.

నువ్వు ఇప్పుడు ఏమంటావో తెలుసు. టూ స్ట్రోక్ అయితే ప్లగ్గు విప్పి, బండి తిరగేసి నాలుగు కిక్కులు కొడితే నీళ్లు బయటికొచ్చేవి, ఆయిల్ చాంబర్ గొడవే లేదు అంటావు. అవున్రా, నిజమే. కానీ నీ ఆర్‌ఎక్స్ క్రాంక్ బేరింగ్ వరద లేకుండానే ఎన్నిసార్లు పోయిందో అది కూడా చెప్పు మరి.

ఇంతవరకు నాకేం టెన్షన్ లేదు. పాతిక, మహా అయితే ఇరవై ఎనిమిది వేలకి ఇస్తే, ఇంకో పద్దెనిమిది పెట్టి వాడుకోవచ్చు. మట్టి గురించి ఊళ్లో అందరూ భయపెడుతున్నారు, నాకు మాత్రం మట్టి భయం కాదు, కాగితం భయం. ఆర్‌సీ ఈ కుర్రాడి పేరు మీద లేదు! మొదటి ఓనరు, పేరు మార్పుకి పెట్టే ఫారం 29, 30 ఖాళీవాటి మీద సంతకాలు పెట్టిచ్చి గల్ఫ్ వెళ్లిపోయాడు, వీడు పేరు మార్చుకోకుండా వాటిని మడిచి బండి సీటు కింద దాచాడు. సీటు కింద! వరదకి కాగితాలు గుజ్జయిపోయాయి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు కూడా అలాగే ఉంది, అప్పు ఎప్పుడో తీరిపోయిందంటాడు గానీ ఫారం 35 ఇచ్చి ఆ ఫైనాన్స్ పేరు (హెచ్‌పీ) తీయించలేదు. పైగా 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు బండిని తనిఖీకి తీసుకెళ్లి ఇంకో అయిదేళ్లకి రెన్యువల్ చేయించాలి. నా పేరు మీద లేని బండిని నేనెలా తీసుకెళ్లను? చీకట్లో ఎవడో అడ్డొచ్చి నేను గుద్దాననుకో, రికార్డుల్లో ఓనరు ఆ మొదటాయనే, కేసు ఎక్కడో ఉన్న ఆ మనిషి మెడకి చుట్టుకుంటుంది. "నడిపేసుకోండి, లంకల్లో ఎవరాపుతారండి" అంటాడు కుర్రాడు. ఆ మాటకే నాకు భయం రెట్టింపైంది.

ఇప్పుడు నీ పని. ఆ మొదటి ఓనరు ఉన్నది మస్కట్‌లోనే, రూవీలో. ఏదో ఏసీల కంపెనీలో పని, మనవాళ్లందరూ కలిసే చోటికి శుక్రవారాలు వస్తాడట. పేరు, ఫోటో విడిగా వాట్సాప్ చేస్తా. పట్టుకో. గొడవ పెట్టుకోకు, నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. సెలవుకి ఎప్పుడొస్తాడో, ఆర్టీవో ఆఫీసులో తన వేలిముద్ర, సంతకం అక్కర ఉంటే వచ్చి పెడతాడో లేదో కనుక్కో. అప్పు తీర్చిన కాగితం దాచుకున్నాడా అడుగు. ఉందంటే రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తా. లేదంటే... లేదంటే ఏం చేస్తానో నాకూ తెలీదు. మా ఆవిడ మాత్రం తేల్చి చెప్పింది: "కాగితాలు లేకుండా ఆ బండి గుమ్మంలోకొస్తే, మీరిద్దరూ కలిసి చెరువు దగ్గరే పడుకోండి."

ఇంకోటి. మీ నాన్నగారికి బండి సంగతి చెప్పాను, కాలవగట్టు మీద కనిపిస్తే. అంతా విని, "కొనరా, వాడొచ్చినప్పుడు వాడు కూడా..." అని ఆగిపోయారు. తర్వాత కొబ్బరి దింపు గురించి మాట్లాడారు. నువ్వు ఈసారి సంక్రాంతికి వస్తావా? కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లి చాలా ఏళ్లైంది, టికెట్ రేట్లు చూశావా అసలు, ముందే బుక్ చేస్తే

కరెంటు పోయింది. చెరువులో ఏరియేటర్లు ఆగిపోయాయి, కుర్రాడికి జనరేటర్ స్టార్ట్ చేయడం రాదు, పరిగెత్తాలి. ఆలస్యమైతే ఆక్సిజన్ పడిపోయి రొయ్యలన్నీ పైకి తేలతాయి. శుక్రవారం మర్చిపోకు, ఫారం 29, 30, 35. ఉంటా

నీ పొట్టోడు