మూత్రంలో రక్తం గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మన జిల్లా పేజీల్లో కాన్సర్ మీద అరపేజీ వేశారు, రోబో సర్జరీలు, కొత్త మెషిన్లు, డాక్టర్ల ఫొటోలు అన్నీ ఉన్నాయి గానీ మూత్రాశయం కాన్సర్‌కి రెండే లైన్లు, అందులోనూ అసలు సంగతి లేదు. నొప్పీ మంటా లేకుండా మూత్రంలో రక్తం పడితే, ఒక్కసారి పడి ఆగిపోయినా సరే, యూరాలజీ డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈ ముక్క పెద్దక్షరాల్లో వేయాల్సింది కదండీ?

మా పిన్ని సంగతే చెప్తాను. ఎర్రగా వస్తోందని చెప్పుకోడానికే సిగ్గుపడింది, తీరా మందుల షాపులో అడిగితే వేడి చేసిందన్నారు, ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు, నాలుగు రోజులు తగ్గడం మళ్లీ రావడం, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, యూరిన్ టెస్ట్ చేయించమన్నవాళ్లు ఒక్కరు లేరు. చివరికి కెమెరా గొట్టం పెట్టి చూసేసరికి గడ్డ కండరంలోకి దిగిపోయింది. మూత్రాశయం సంచి మొత్తం తీసేసి, మూత్రం పట్టేందుకు పొట్ట మీద బ్యాగ్ పెట్టారు. ఎక్కడ లీకవుతుందోనని ఆవిడ పెళ్లిళ్లకి కూడా రావడం మానేసింది. ఈ జబ్బు మగవాళ్లకే ఎక్కువ, కానీ ఇన్ఫెక్షన్ అనుకుంటూ లేటయ్యేది ఆడవాళ్లకే.

ముందే దొరికితే గడ్డని లోపలి నుంచే గీకి తీసేస్తారు, పసిపిల్లలకి టీబీ రాకుండా వేసే బీసీజీనే సంచిలోకి ఎక్కిస్తారు, 1976 నుంచీ తెలిసిన వైద్యమే ఇది. తిరగబెట్టే జబ్బు కాబట్టి మొదట్లో మూడు నెలలకోసారి కెమెరా పరీక్ష తప్పదు. అమెరికా లెక్కల్లో పైపొర దాటకముందే దొరికినవాళ్లలో 100కి 95 మందికి పైగా అయిదేళ్లు దాటుతున్నారు, ఒళ్లంతా పాకాక దొరికితే 10 మంది కూడా లేరు. 2023లో ఎన్‌ఫోర్టుమాబ్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే పాకిన జబ్బులో కూడా బతికే కాలం 16 నెలల నుంచి 31 నెలల దాకా పెరిగిందని తేలింది, కానీ ఆ మందుల ధర మనలాంటోళ్లకి అందేది కాదు.

అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, కానీ అక్కడికి చేరేసరికే ఆలస్యమైపోతోంది. సర్కారు స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడే చూస్తారు. మా పిన్నికి చిన్నప్పటి నుంచీ చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. నోట్లో పుండుందా అని నోరు తెరిపించి చూశారు, మూత్రం సంగతి మాత్రం అడగలేదు. మూత్రాశయం కాన్సర్లలో దాదాపు సగం పొగాకు వల్లే, ఆ విషాలు కిడ్నీల్లోంచి దిగి సంచిలోనే నిలవుంటాయి. సిగరెట్ పెట్టె మీద ఎప్పుడు చూసినా నోరు, గొంతు బొమ్మలే. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదని 2008 అక్టోబర్ 2 నుంచి రూలుంది, మద్దిలపాలెం జంక్షన్లో నిలబడి చూడండి ఎవరు పాటిస్తున్నారో. డాక్టర్ చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదన్న రూలుకీ అదే గతి, డ్రగ్ ఇన్స్పెక్టర్లు ఏం చేస్తున్నట్టు?

ఏఎన్ఎమ్‌ల ఫారంలో "మూత్రంలో ఎప్పుడైనా రక్తం పడిందా" అన్న ప్రశ్న ఒక్కటి చేర్చమని జిల్లా వైద్యాధికారుల్ని మీరు అడగండి, వాళ్లు చెప్పిన జవాబు కూడా పేపర్లో వేయండి.

ఒక పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం