జరగని కచేరీకి మేం రాలేదని రాస్తారా?

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఇందిరానగర్‌లో శనివారం సాయంత్రం జరగాల్సిన ఇండీ సంగీత కచేరీ, మీ కస్టమర్ కేర్ తీరు

అయ్యా,

డబ్బు సంగతి తర్వాత. ముందు మీ టికెట్ల యాప్‌లో నా బుకింగ్ తెరిచి చూడండి. "షో పూర్తయింది. కస్టమర్ హాజరు కాలేదు" అని ఉంది. రెండూ అబద్ధాలే.

నేను, నా భార్య, మా బావమరిది మారతహళ్లి నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి ఇందిరానగర్ 12వ మెయిన్ రోడ్డులోని హాలుకి టైముకే చేరాం. హాలు షట్టరు సగం దించి ఉంది. ఇవాళ ప్రోగ్రాం లేదన్నాడు సెక్యూరిటీ అతను. పాడాల్సిన కడప అబ్బాయి గిటారు సంచీతో మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "మాకూ ఎవరూ చెప్పలేదన్నా" అన్నాడు. సొంతంగా తెలుగులో పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని పాడే పిల్లలకు ఈ ఊళ్లో స్టేజీ దొరకడమే కష్టం. ఆ పాటలు వినాలనే మేం టికెట్లు కొన్నాం.

ఇక మీవాళ్ల సంగతి. చాట్‌లో "ఇతర సమస్యలు" నొక్కితే మళ్లీ మొదటి పేజీకే తీసుకొస్తుంది. ఫోన్ చేస్తే ఒకాయన హిందీలో, అంతా విన్నాక, ఆర్గనైజర్‌తో మాట్లాడుకోమన్నాడు. ఆయనిచ్చిన నంబరు ఆ హాలు మేనేజర్‌ది. ఆ మేనేజరేమో, మేం చోటు అద్దెకిచ్చాం అంతే, టికెట్ కంపెనీని అడగండి అన్నాడు. మళ్లీ మీకు చేశాను. ఈసారి ఇంకొకరు. కథంతా మొదటినుంచి చెప్పించుకుని, "మీ టికెట్ స్కాన్ కాలేదు కాబట్టి మీరు రానట్టే" అన్నారు. గేటే తెరవనప్పుడు స్కాన్ ఎవరు చేస్తారండీ? సీనియర్‌కి ఇవ్వమంటే హోల్డ్‌లో పెట్టి కట్ చేశారు. తెలుగు వచ్చిన ఒకమ్మాయి మాత్రం ఓపిగ్గా విని, "నా స్క్రీన్ మీద ఇంతే కనిపిస్తోంది సార్, మార్చే అధికారం నాకు లేదు" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు ఆ అధికారం ఇవ్వని మీ మీదే కోపం. మర్నాడు, సమస్య పరిష్కారమైందని మెయిల్ పంపి ఫిర్యాదు మూసేశారు. ఆ కిందే, షోకి ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు! పాడనివ్వని పిల్లలకు నన్ను మార్కులు వేయమంటారా?

ఏళ్లుగా సినిమా అయినా నాటకమైనా మీ దగ్గరే బుక్ చేస్తున్నాం. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లకు మీ యాప్ చెప్పింది నేనే. ఇకమీదట వద్దని చెప్పేదీ నేనే.

మీకు గుర్తుచేయాల్సి రావడం బాధగా ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న బెంగళూరులోనే వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. టికెట్ల డబ్బుతో పాటు కన్వీనియన్స్ ఫీజు, దాని మీద వేసిన 18 శాతం జీఎస్టీ కూడా వెనక్కి రావాలి. "హాజరు కాలేదు" అన్న మాట తీసేయాలి. ఆ షో ఎందుకు ఆగిందో, మా టికెట్ డబ్బులో పాటగాళ్ల వాటా వాళ్లకు చేరిందో లేదో మీ కంపెనీ మనిషి ఒకరు సంతకం పెట్టి రాయాలి.

ఫోన్ చేసేవారు సాయంత్రం ఏడు దాటాక చేయండి. ఈ ఉత్తరం చదివాకే చేయండి. మొదటినుంచి చెప్పమని మాత్రం ఇంకోసారి అడగొద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
మారతహళ్లి, బెంగళూరు