ఒక్క గడిలోనే టిక్ పెట్టాలంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మేనకోడలు వీణ నేర్చుకుంటోంది, పోస్టర్లు డిజైన్ చేస్తుంది, ఈమధ్య బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లి వీణల తయారీ మీద ఫోన్‌తోనే 11 నిమిషాల డాక్యుమెంటరీ తీసింది. యువ కళాకారులకి ప్రోత్సాహం ఇస్తారని తెలిసి, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర జిరాక్సులు తీయించుకుని ఇద్దరం వెళ్లాం. ఫారంలో కళకో గడి ఉంటే, మా పిల్లకి వచ్చిన మూడింటికీ టిక్ పెట్టాం. కౌంటర్లో ఆయన ఫారం చూసి, 'మూడింటికీ టిక్ పెట్టేశారేంటమ్మా, ఏదో ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి' అన్నారు. ఆయన్ని అనడానికేం లేదు, రూలు అలా ఉంది. నా గొడవంతా ఆ రూలుతోనే.

ఆ డాక్యుమెంటరీలో ఒకచోట ఓ పెద్దాయన మైనం ముద్ద మీద, తీగ కింద స్వరం పలికించే మెట్టు పెట్టి, తీగ మీటి, ఊహూఁ అని తల ఊపి, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతాడు. వీణకి అలాంటి మెట్లు 24. మా పిల్ల అక్కడ కట్ చేయకుండా రెండు నిమిషాలు అలాగే వదిలేసింది. బోరు కొట్టదటే అంటే, 'స్వరం ఎప్పుడు కుదిరిందో వినబడాలి కదత్తా' అంది. వీణ రానివాళ్లైతే ఆ షాట్ ఎప్పుడో కోసేసేవారు.

సత్యజిత్ రే కలకత్తాలో యాడ్ కంపెనీలో పనిచేశారు, పుస్తకాలకి అట్టలు వేశారు, సినిమాల్లోకి వచ్చాక పోస్టర్లు గీశారు, 1961 నుంచి తన సినిమాలకి సంగీతం కూడా తనే చేసుకున్నారు. మొజార్ట్ అంటే ప్రాణం పెట్టే ఆ బెంగాలీ మనిషి 1976లో భరతనాట్యం బాలసరస్వతి మీద డాక్యుమెంటరీ తీశారు. మన కౌంటర్‌కి వచ్చుంటే ఏ గడిలో టిక్ పెట్టేవారో!

అంతదూరం ఎందుకు, ఆదిభట్ల నారాయణదాసు గారు లేరూ? 1919లో పెట్టిన మన విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. హరికథలో పాటా ఆటా కథా అన్నీ ఆయనే, అది చాలదన్నట్టు ఫార్సీ నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. ఆయన తిరిగిన ఊళ్లో ఇదీ మన ఫారం.

మూడు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ రాదని మా ఇంట్లోనే అంటుంటారు. కొందరి విషయంలో నిజమే. అలాంటప్పుడు పని చూసి కాదనండి, ఫారం చూసి కాదు. వచ్చే ఏడాదైనా ఒకటికి మించి కళలున్నవాళ్లకి వేరే గడి పెట్టాలి, ఎంపిక చేసేవాళ్లలో సంగీతం తెలిసినవాళ్ల పక్కన కెమెరా తెలిసినవాళ్లనీ కూర్చోబెట్టాలి. సంగీతం చదివే పిల్లలకి రికార్డింగ్, ఎడిటింగ్ నాలుగు వారాలు నేర్పించినా చాలు, గొల్లపల్లిలో పనస దుంగ తొలిచే ఆ పెద్దవాళ్ల చేతుల పనితనం ఎక్కడో ఒకచోట నిలిచి ఉంటుంది.

ప్రస్తుతానికి 'సంగీతం' ఉంచి మిగతా రెండూ కొట్టేసి ఇచ్చాం. పెన్‌డ్రైవ్ కూడా తీసుకోండి, అందులో వీణే ఉందండీ అంటే, 'సంగీతానికి సినిమా అక్కర్లేదమ్మా' అని తిరిగిచ్చేశారు.

– ఒక పాఠకురాలు, విజయనగరం