ఇంటికి లెక్కల వాళ్లు వస్తే

మానుకోట

ప్రియమైన రవీ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. "ఆధార్ ఉంది, రేషన్ కార్డు ఉంది, 2024 చివర్లో రాష్ట్రం వాళ్లు ఇంటింటికీ తిరిగి కులాల సర్వే కూడా చేశారు. మళ్లీ ఈ జనాభా లెక్కలు దేనికి? నాకు తలుపు తీసే ఓపిక లేదు" అన్నావు. ఫోనులో వాదిస్తే నవ్వేసి మాట మారుస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు ఆధార్ సంగతి. అది నువ్వు ఫలానా మనిషివని చెబుతుంది, అంతే. అందులో నీ కులం లేదు, నీ ఇంట్లో మాట్లాడే భాష లేదు, నువ్వు తండా వదిలి హైదరాబాద్ ఎందుకు వెళ్లావో లేదు. రాష్ట్రం చేసిన సర్వే మంచిదే, కాదనను. కానీ పార్లమెంటు, శాసనసభ స్థానాల్లో రిజర్వేషన్ తేల్చేటప్పుడు, ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి బియ్యం అన్నది నిర్ణయించేటప్పుడు ఢిల్లీ చూసేది జనగణన అంకెలనే.

మన మానుకోటనే, అదే మహబూబాబాద్‌నే తీసుకో. మనం చదువుకునే రోజుల్లో మహబూబాబాద్, డోర్నకల్ రెండూ జనరల్ శాసనసభ స్థానాలు. 2001 జనగణన ఆధారంగా 2008లో నియోజకవర్గాలను మళ్లీ విభజించినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ స్థానాలు 15 నుంచి 19కి, ఎస్సీ స్థానాలు 39 నుంచి 48కి పెరిగాయి. ఈ రెండూ అప్పుడే ఎస్టీ స్థానాలయ్యాయి. మహబూబాబాద్ లోక్‌సభ స్థానం కూడా ఎస్టీలకు వచ్చింది. ధర్నాలు, వినతిపత్రాలు ఎన్ని ఉన్నా చివరికి ఆ కాగితం మీద సంతకం పడింది తలల లెక్క చూసే. ఆ లెక్కలో మీ నాన్న ఉన్నాడు, మీ యాడి, అదే మీ అమ్మ, ఉంది, నువ్వూ ఉన్నావు.

ఇక రోడ్లు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతంలో 500 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు వేస్తారు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతంలో 250 మంది ఉంటే చాలు. 2024లో ఆమోదించిన నాలుగో దశకు కూడా చూసేది 2011 జనాభానే. అంటే ఒక గూడెంలో నిజంగా 255 మంది ఉండి, ఆ రోజు రెండు కుటుంబాలు కూలికి వెళ్లి కాగితం మీద 245 పడిందనుకో. పదిహేనేళ్ల తర్వాత కూడా అక్కడి గర్భిణిని మంచం మీద మోసుకుపోవలసిందే. ఈ ఒక్క ఉదాహరణ నీ మనసులో పెట్టుకుంటే మిగతాది నేను రాయనక్కర్లేదు. అయినా రాస్తాను.

చివరి జనగణన జరిగిన 2011లో పుట్టిన పిల్ల ఇప్పుడు మా బడిలో పదో తరగతిలో ఉంది. 2021లో జరగవలసిన గణన కోవిడ్ వల్ల ఆగి, ఆ తర్వాత వాయిదా మీద వాయిదా పడింది. దేశంలో 81.35 కోట్ల మందికి రేషన్ బియ్యం, గోధుమలు ఇవ్వాలన్న పరిమితి కూడా ఆ 2011 జనాభా నుంచి వచ్చినదే. తర్వాత పెరిగిన జనం ఆ పరిమితిలో లేరు. కార్డు కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న కొత్త కుటుంబాలను చూసి మనం స్థానిక అధికారిని తిడతాం కానీ, ఆ ముడి ఎక్కడ పడిందో ఆలోచించం.

నేను 2011లో గణకుడిగా పనిచేశానని నీకు తెలుసు. పగలు బడి, సాయంత్రం తండాలు. ఒక ఇంట్లో ముసలమ్మను భర్త పేరు అడిగాను. చెప్పదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. మనవడు అందుకుని చెప్పాడు. ఆమెను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. 1948 జనగణన చట్టంలోనే ఉంది, ఆచారం ప్రకారం పలకకూడని పేరును చెప్పమని ఏ స్త్రీనీ నిర్బంధించకూడదని. చట్టం రాసినవాళ్లు మన ఇళ్లలోకి తొంగి చూసి రాశారనిపించి నాకు ముచ్చటేసింది. తర్వాత మాతృభాష గడి వచ్చింది. మనవడు "తెలుగు అని రాసుకోండి సార్" అన్నాడు. అప్పటిదాకా నోరు విప్పని ముసలమ్మ వాడి వీపు మీద ఒకటి వేసి, మీ భాషలో గబగబా చీవాట్లు పెట్టింది. నాకు సగమే అర్థమైంది కానీ ఏం రాయాలో పూర్తిగా అర్థమైంది. లంబాడీ అని రాశాను.

రవీ, నేను ఇంత పట్టుదలగా ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ గడి. తెలంగాణలో, ఆంధ్రలో మీరు, అంటే లంబాడీలు (బంజారాలు), ఎస్టీలు. కర్ణాటకలో మీ బంధువులే ఎస్సీలు. మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. కులం గడిలో ఎన్ని వివరాలు రాసినా మీరు మూడు చోట్ల మూడు ముక్కలుగానే కనిపిస్తారు. దేశమంతటా ఉన్న మీవాళ్లను ఒక్కచోట చూపగలిగేది మాతృభాష గడి ఒక్కటే. ఆ గడిలో 2011లో ఏమైందో చూడు. లమాణీ లేదా లంబాడీ అన్నవాళ్లు 32 లక్షలకు పైగా, బంజారీ అన్నవాళ్లు 15 లక్షలకు పైగా. ఒకే భాష, రెండు పేర్లు, రెండు వరుసలు. పైగా ఆ రెండు వరుసలనూ హిందీ కింద కలిపేశారు! యాడి నోట వచ్చే గోర్ బోలి, అదే మీ లంబాడీ భాష, హిందీ ఎలా అవుతుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. ఇది అన్యాయమే. కానీ అన్యాయమని నిరూపించడానికి మన చేతిలో ఉన్నది కూడా ఆ అంకెలే. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో చేర్చమని అడుగుతున్న భాషల్లో బంజారా ఒకటి. అడిగేవాళ్లు రేపు చూపించగలిగేది ఇంటింటా పలికిన జవాబునే. మీ సంఘం పెద్దలు కూర్చుని, ఏ పేరు రాయించాలో ఒక్క మాట మీదికి రావాలని నా కోరిక.

పదివేల మందికి తక్కువ మాట్లాడే భాషలను 2011 పట్టికల్లో విడిగా అచ్చు కూడా వేయలేదు. మీకు ఆ భయం లేదు. అడవుల్లో మిగిలిన చిన్న చిన్న జాతుల సంగతి తలచుకుంటే మాత్రం గుండె బరువెక్కుతుంది. వాళ్లలో ఒక ఊరు మొత్తం "తెలుగు" అనేస్తే ఆ భాష పట్టికలోంచి జారిపోవచ్చు. మాట్లాడేవాళ్లు బతికే ఉంటారు, లెక్కలో ఉండరు.

నీ పిల్లలు ఇంగ్లీషులో, తెలుగులో మాట్లాడతారు, నిజమే. మాతృభాష అంటే చిన్నతనంలో ఆ మనిషితో తల్లి మాట్లాడిన భాష. చెల్లెమ్మ వాళ్లతో ఏ భాషలో మాట్లాడిందో నిజాయితీగా అదే రాయించు. నీకూ, యాడికీ అయితే ఆలోచించవలసిన పనే లేదు.

ఇంకో రెండు సంగతులు. చాలా ఇళ్లలో మగవాళ్లే జవాబు చెప్పి, ఆడవాళ్ల పని అడిగితే "ఇంట్లోనే ఖాళీగా ఉంటుంది" అంటారు. నాట్లు వేసి, పత్తి తీసి, మిరప ఏరి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే! నాకు ఒళ్లు మండేది. అలాగే వైకల్యం ఉన్న పిల్లలను లోపలి గదిలో ఉంచి అసలు చెప్పరు. దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులని 2011 లెక్క. దాచినవాళ్లను కలిపితే ఎంతవుతుందో! ఆ పిల్లలకు కావలసిన బడి, చక్రాల కుర్చీ, పింఛను, అన్నిటికీ ముందు వాళ్లున్నారని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

భయాల సంగతి కూడా విన్నాను. చెప్పిన వివరాలు పన్నులవాళ్లకో, పోలీసులకో వెళ్తాయని ఎవరో అన్నారట. ఆ 1948 జనగణన చట్టంలోనే 15వ సెక్షన్ ఉంది. ఒక్కో ఇంటి వివరాలను ఎవరికీ చూపకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా వాడకూడదు. ఏ పత్రాలూ చూపనక్కర్లేదు, నోటిమాట చాలు. యాడికి ఈ మాట నెమ్మదిగా చెప్పు.

ఈసారి 2026లో ఇళ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాలనూ లెక్కించడం మళ్లీ ఇప్పుడే. నువ్వు 2014 ఆగస్టు 19 సమగ్ర సర్వేకి బస్సులో నిలబడి ఊరికి వచ్చావే, ఈసారి అలా రావద్దు. నువ్వు ఉండేది హైదరాబాద్‌లో, నీ లెక్క అక్కడే. తీరిక లేకపోతే ఆన్‌లైన్‌లో నువ్వే నింపుకోవచ్చు. అప్పుడు వచ్చే నంబరు దాచి, ఇంటికి వచ్చిన గణకుడికి ఇవ్వాలి.

నాకు దిగులంతా మీ తమ్ముడి గురించే. ఫిబ్రవరి అంటే మిరప ఏరే కాలం. భార్యాపిల్లలతో ఖమ్మం వైపు వెళ్లి చేలగట్ల మీదే గుడిసె వేసుకుని ఉంటాడు. గణన జరుగుతుండగా మధ్యలో ఇంటికి వస్తే తండాలో రాయించుకోవాలి, అసలు రాకపోతే అక్కడి గణకుడికి చెప్పాలి. ఇక్కడివాళ్లు అక్కడున్నారని వదిలేసి, అక్కడివాళ్లు పరాయి ఊరి కూలీలని వదిలేస్తే ఐదుగురూ గల్లంతే. వాడు నా మాట కన్నా నీ మాట వింటాడు. బయలుదేరకముందే ఫోను చేసి చెప్పు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ నంబరు కూడా అడిగి నాకు పంపు, మిగతా కుటుంబాలతో నేను మాట్లాడతాను.

చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. యాడి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి.

నీ
శ్రీనివాస్